తడబడటం నేర్చుకున్న సాక్షి

ప్లీడర్లలో గెలిచేవాళ్ళుంటారు, ఓడేవాళ్ళుంటారు, ఆ రెండు గొడవలకీ పోకుండా వాయిదాలు వేయించుకుంటూ నెట్టుకొచ్చేవాళ్ళుంటారు. మన ప్లీడరు ఈ చివరి బాపతు. వాదించడం కన్నా వాయిదా అడగడం ఆయనకి బాగా అబ్బింది. కోర్టులో అందరూ ఆయన్ని వాయిదాలయ్య అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయనా పలికేవాడు.

అలాంటి మనిషి నెత్తిన వాయిదా అడగడానికి వీల్లేని కేసొకటి పడింది. ముద్దాయి స్వయానా బావమరిది. కేసు ఓడితే జైలుకి వెళ్ళేది బావమరిదే అయినా, యావజ్జీవం పడేది ఇంట్లో తనకేనని ప్లీడరుకి తెలుసు.

బావమరిది తాళాలు బాగుచేస్తాడు. ఒక సాయంత్రం కరెంటు పోయిన వేళ బజారులో గడియారాల కొట్టుని ఎవరో ఊడ్చిపెట్టుకుపోయారు. తలుపు గడియ మీద గీత పడలేదు, లోపల గడియారం ఒక్కటి మిగల్లేదు. ఆ తాళాన్ని అంతకు కొద్దిరోజుల ముందే బాగుచేసింది బావమరిది. విరగకుండా తెరుచుకున్న తాళానికి తెలిసిన చెయ్యి వీడిదేనని పోలీసులు తేల్చారు. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళంచెవులు చేసిచ్చిన మనిషికి తన మాట వినే చెవి ఒక్కటీ దొరకలేదు. బెయిలు అడిగితే, తాళాలు తీసేవాణ్ణి బయట వదలమంటావా అన్నారు. తాళాలు తీసేవాడు లోపల తాళలేక సగమైపోయాడు.

మిగిలిన ఆశ ఒక్కటే, టైలరు పిన్ని. ఆ సాయంత్రం బావమరిది పిన్ని కొట్లో షట్టరు తాళం బాగుచేస్తూ ఉన్నాడు. సందె చీకట్లో వచ్చాడు, కరెంటు పోయి మళ్ళీ వచ్చాక కూడా చాలాసేపు ఉన్నాడు, మధ్యలో గడప దాటలేదు. ఈ సంగతి పిన్ని మొదటిరోజే ప్లీడరుకి గడగడా చెప్పింది. ఆవిడది కుట్టుపనే కానీ కుట్ర తెలీని నోరు. ఆ నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. వాటిని తీయకుండానే మాట్లాడుతుంది. అందుకే ఆవిడ మాట అంత సూటిగా ఉంటుందని బజారంతా అనుకునేవారు.

రేపు సాక్ష్యమనగా, ఒకసారి వల్లెవేయిద్దామని ప్లీడరు పిన్ని కొట్టుకి వెళ్ళాడు. కొట్టంటే సగం గది. ఒక కాలి మిషను, ఒక ఇస్త్రీ బల్ల, పొట్టి చేయాల్సిన పంట్లాములకి ఒక కొక్కెం, వదులు చేయాల్సిన వాటికి ఇంకో కొక్కెం.

"పిన్నీ, కోర్టులో అడిగినట్టే అడుగుతాను. ఆ సాయంత్రం ముద్దాయి నీ కొట్టుకి వచ్చాడా?"

పిన్ని నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డబంతికి గుచ్చింది. ఆ పని ఆవిడ భోజనానికి తప్ప చేయదు.

"సాయంత్రమా," అంది. "సాయంత్రమే అనుకుంటా. అంటే, ఫలానా సాయంత్రమని ఎలా చెప్పను బాబూ. ఒక్కోసారి మధ్యాహ్నం కూడా సాయంత్రంలాగే ఉంటుంది."

ప్లీడరు నవ్వబోయి మానేశాడు. "సరే, వచ్చాడా?"

"వచ్చాడు. వచ్చినట్టే ఉంది. మొత్తానికి ఎవరో ఒకరు వచ్చారు."

"ఎవరో ఒకరేంటి పిన్నీ. తాళం పాడైందని నువ్వే కదా పిలిపించావు."

పిన్ని కిటికీ వైపు చూసింది. గుటక మింగింది. నుదురు తుడుచుకుంది. నుదుటి మీద చెమట లేదు, అయినా శ్రద్ధగా తుడుచుకుంది.

"ఒంట్లో బాగాలేదా?"

"నాకేం, దుక్కలా ఉన్నాను. ఎలా ఉందో చెప్పు. గుటక ముందు మింగనా, నువ్వు అడిగాక మింగనా?"

అప్పుడు కనబడింది ప్లీడరుకి, మిషను బల్ల మీద కత్తెర కింద ఒక పుస్తకం. అట్ట నలిగి, మూలలు మడిచి, నడుమ కొలత టేపు గుర్తుగా పెట్టి ఉంది. పేరు 'తడబడని సాక్షి'. ఆయన నల్లకోటు లోపల తెల్లబోయాడు.

ఆ నవల గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఒక హత్య కేసు. సాక్షుల్లో ఒకడు కాపలావాడు, మాట మాటకీ తడబడతాడు. ఇంకొకామె హతుడి చెల్లెలు, కడిగిన ముత్యంలా ఒక్క తొట్రుపాటు లేకుండా చెబుతుంది. అందరూ చెల్లెల్ని నమ్ముతారు. మలుపు మీద మలుపు తిరిగి, చదివేవాడి కళ్ళు తిరిగి, చివరికి జడ్జి కాపలావాడి మొహంలోకి ఒక్క చూపు చూసి, నిజం చెప్పింది వీడేననీ, హంతకురాలు చెల్లెలేననీ తేల్చేస్తాడు. అక్కడ జడ్జి అనే మాట జనం నోళ్ళలో పడి నానుతోంది: "సత్యం తడబడుతుంది. తడుముకోకుండా నడిచేది అబద్ధమే."

ఇంకో ముక్క ఏమిటంటే, ఆ నవల రాసింది మన ప్లీడరే. కథలు రాసే ప్లీడరని తెలిస్తే క్లయింట్లు రారని, ఉన్న ఇద్దరూ పోతారని, ఒక ఆడపేరు పెట్టుకుని అచ్చువేయించాడు. ఇంట్లో కూడా తెలీదు. పుస్తకం నిప్పులా అంటుకుంది. ఇన్నాళ్ళూ ఆ మంటకి చలి కాచుకున్నాడు. ఇప్పుడది కొంపకే అంటుకుంది.

"పిన్నీ, అది కథ," అన్నాడు. "కథల్లో అలాగే ఉంటుంది. రేపు నువ్వు తడబడితే వాడు గోవిందా."

"నువ్వు చదివావా?"

"చదివాను."

"చదివి కూడా ఇలా అంటున్నావంటే నీకు ఎక్కలేదన్నమాట. రాసినావిడ కోర్టుని కాచి వడబోసింది బాబూ. నువ్వు వాయిదాలతో సరిపెట్టుకున్నావు. పో, నేను ఇంకా నత్తి దగ్గర కుదరక చస్తున్నాను."

ప్లీడరు ఆఫీసుకి వచ్చి గుమాస్తాని కూర్చోబెట్టాడు. గుమాస్తా పాత మనిషి, సాక్షుల్ని దారిలో పెట్టడంలో చెయ్యి తిరిగినవాడు.

"పిన్నికి ఎవరో నవల ఇచ్చారయ్యా. అది చదివి సాక్ష్యం చెడగొట్టుకుంటోంది. నువ్వెళ్ళి కాస్త నచ్చజెప్పు."

గుమాస్తా నేల చూపులు చూశాడు. "ఇచ్చింది నేనేనండి."

"నువ్వా."

"సాక్షి కదా, కోర్టంటే భయం పోతుందని ఇచ్చాను. నిజం చెప్పాలంటే సార్, అది చదివాక నాకే కళ్ళు తెరుచుకున్నాయి. ఇన్నేళ్ళూ సాక్షులకి బట్టీ పట్టించి ఎంత పాపం చేశానో. రాసింది ఎవరో రిటైరైన జడ్జీ అయ్యుంటారండి. ఆడపేరు ఉత్తుత్తిదే."

"జడ్జీ అని ఎలా చెప్పగలవు?"

"వాయిదా అన్న మాట పుస్తకం మొత్తంలో ఒక్కసారి కూడా రాలేదండి. ప్లీడరు రాస్తే రాకుండా ఉంటుందా."

ప్లీడరు పొంగాలో కుంగాలో తెలీక ఆ రెంటికీ మధ్య ఇరుక్కుని జైలుకి బయల్దేరాడు. ముద్దాయి చెబితేనన్నా పిన్ని వింటుందేమోనని. ఊచల తెర అవతల బావమరిది చొక్కాలో ఈదుతున్నాడు, అంత చిక్కిపోయాడు. కానీ కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"బావా, లోపల ఒక పుస్తకం చేతులు మారుతోంది," అన్నాడు. "మా గదిలో నలుగురం వంతులేసుకుని చదివాం. నాలుగోవాడికి చదువు రాదు, వాడికి నేను చదివి వినిపించాను. చెల్లెలే అని తేలినప్పుడు వాడు ఏడ్చాడు బావా, పళ్ళెం విసిరికొట్టాడు. మన కేసులో కూడా ఆఖర్న అలాంటి మలుపొకటి పెట్టు."

"నీ కేసుకి మలుపులొద్దురా. తిన్నటి రోడ్డు. పిన్ని వచ్చి ఉన్నదున్నట్టు చెబితే చాలు."

బావమరిది మొహంలో మెరుపు చటుక్కున ఆరిపోయింది. "ఉన్నదున్నట్టు అంటే, ఎంతవరకు?"

"ఎంతవరకేంట్రా. వచ్చావు, బాగుచేశావు, వెళ్ళావు. అంతేగా?"

"అంతే," అని బావమరిది తెర ఊచ గోకుతూ కూర్చున్నాడు. "అంతకు మించి ఆవిణ్ణి ఏం అడక్కు బావా. నా మీద ఒట్టు."

ఆ మాటని అక్కడే పట్టుకుని లాగి ఉంటే బాగుండేది. ములాఖత్ అయిపోయిందని గంట కొట్టారు. ప్లీడరు బుర్రలో అప్పటికే వేరే గంటలు మోగుతున్నాయి.

ఇంట్లో ఆఖరి అస్త్రం, భార్య. పిన్నికి ఆవిడ మాట మీద గురి. తమ్ముడి కోసం ఆవిడ ఏమైనా చేస్తుంది. ఆయన సంగతంతా చెబుతుంటే ఆవిడ బట్టలు మడత పెడుతూ విన్నది. విని, మడత పెట్టిన తువాలు మళ్ళీ విప్పింది. అది మంచి శకునం కాదు.

"పిన్ని చేసేదాంట్లో తప్పేముందండీ?"

"నువ్వు కూడా చదివావా?"

"మా మహిళామండలి మొత్తం చదివింది. చెల్లెలి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. అంత తడుముకోకుండా మాట్లాడే మనిషిని నమ్మకూడదు. పెళ్ళిచూపుల్లో మీరు అలాగే మాట్లాడారు." ఆవిడ తువాలు పక్కన పెట్టింది. "ఎగతాళి కాదండీ. వాడు లోపల పడి ఎన్నాళ్ళైంది. మీరు వేసిన పిటిషన్లన్నీ తిప్పికొట్టారు. మీ కోర్టులూ మీ సెక్షన్లూ వాడికి ఏం ఒరగబెట్టాయి? ఎవరో తెలిసినావిడ ఒక దారి రాసింది. అదన్నా పట్టుకోనివ్వండి."

అదీ దెబ్బ. తమ్ముణ్ణి కాపాడటానికి మొగుడి మీద లేని నమ్మకం ఆవిడకి ఆ రచయిత్రి మీద ఉంది. ఆ రచయిత్రి ఎదురుగా నిలబడి చెమటలు కక్కుతోంది.

ఆయన ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటుంది. రేపటి మేజిస్ట్రేటు నవలలు చదవదు. ఆవిడ ఎవరి మొహంలోకీ చూడదు. సాక్షి మాట్లాడుతుంటే పక్కనున్న టైపిస్టు వైపు తిరిగి, ఆ మాటని కోర్టు భాషలోకి మార్చి చెబుతుంది. టైపిస్టు కొడుతుంది. ఆ కాగితం మీద పడిందే సాక్ష్యం. మిగతాది గాలి. నవల్లో జడ్జి సాక్షి మొహంలోకి చూసినట్టు రాసినప్పుడు అది అబద్ధమని ఆయనకి తెలుసు. బాగుంటుందని రాశాడు. బాగుంది కూడా. అదే ఇప్పుడు బావమరిది మెడకి చుట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకి మళ్ళీ పిన్ని కొట్టు మెట్లెక్కాడు. పిన్ని గోడకి వేలాడే అద్దం ముందు నిలబడి తల అడ్డంగా ఊపుకుంటోంది.

"పిన్నీ, ఆ పుస్తకం రాసింది నేను."

పిన్ని అద్దంలోంచే ఆయన్ని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఆయాసం వచ్చి స్టూలు మీద కూలబడింది. "ఎంత కష్టమొచ్చింది బాబూ నీకు. అన్ని వంకలూ అయిపోయి ఆఖరికి ఈ అబద్ధానికి దిగావా."

ఆయన కళ్ళు మూసుకుని, కాపలావాడు బోనెక్కే ఘట్టం మొదలుపెట్టాడు. పేరా తర్వాత పేరా అప్పజెబుతూ పోయాడు. పిన్ని నవ్వు ఆగింది. పుస్తకం తీసి, ఆ పేజీ పట్టుకుని, వేలితో వెంబడించింది. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ 'దీనంగా' అనుంది. నువ్వు 'హీనంగా' అన్నావు."

"హీనంగా అనే రాశాను. అచ్చులో మార్చేశారు."

పిన్ని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు దాని అట్ట మీద చేత్తో నిమురుతూ ఉండిపోయింది, ముడతలు పోగొడుతున్నట్టు.

"అయితే ఆ మాట నీదేనా? సత్యం తడబడుతుందన్నది?"

"నాదే. కథకి మలుపు కావాలి, దానికి ఒక మాట కావాలి. తోచింది రాశాను. అది న్యాయశాస్త్రం కాదు పిన్నీ. కల్పన. నువ్వు నాకోసం వాడి బతుకుని దాని మీద పెట్టకు."

"నీకోసం ఎవడు పెట్టాడు," అంది పిన్ని. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. "నాకోసం పెట్టుకున్నాను."

అప్పుడు చెప్పింది. ఈ కొట్టు పెట్టకముందు ఆవిడ ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. పక్క మిషను మీద ఒక అమ్మాయి ఉండేది. ఇద్దరూ ఒక క్యారేజీలో తినేవారు. ఒకరోజు మిషనుకి వేళ్ళు లోపలికి పోకుండా ఆపే కాపు రేకు లేకుండా నడిపించారు. ఆ అమ్మాయి వేళ్ళు పోయాయి. రేకు ఉందనీ, ఆ పిల్లే ఊడదీసిందనీ యాజమాన్యం అంది. చూసింది పిన్ని ఒక్కతే.

"బోనెక్కాను. రేకు ఎప్పుడు ఊడదీశారు, ఎవరు తీశారు, నువ్వు ఎటు తిరిగి ఉన్నావు అని ఒకటే అడగడం. నేను చూశాను బాబూ, కళ్ళారా చూశాను. కానీ నోరు తెరిస్తే ఆ పిల్ల చెయ్యే కనబడేది. మాట ముందుకి నడవలేదు. కేసు పోయింది. నా మాట నమ్మలేదన్నారు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఊరే మారిపోయింది."

మిషను మీది బల్బు చుట్టూ ఒక పురుగు తిరుగుతోంది. ప్లీడరు దాన్ని చేత్తో తోలాడు.

"నీ పుస్తకంలో ఆ మాట చదివిన రోజు నేను కుట్టు ఆపేశాను. ఇన్నేళ్ళకి ఒకరు చెప్పారు, తప్పు నీది కాదని. నువ్వు నిజం చెప్పావు కాబట్టే తడబడ్డావని. అందరూ ఆ పుస్తకం చదివారుగా. ఈసారి తడబడితే నమ్ముతారని, అలాగే గెలవాలని నాకు పట్టుదల. నువ్వొచ్చి ఉత్తుత్తినే రాశానంటున్నావు."

ఊరుకుందామని ఆయనకి బలంగా అనిపించింది. వాయిదా వేయడానికి ఇంతకంటే మంచి సందర్భం జీవితంలో రాలేదు. కానీ తెర అవతల చొక్కాలో ఈదుతున్న మనిషి కళ్ళముందు కదిలాడు.

"పిన్నీ, నిన్ను నమ్మకపోవడం కాదు జరిగింది," అన్నాడు. "నువ్వు ఆగినప్పుడల్లా జడ్జి టైపిస్టుకి ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసు. 'గుర్తు లేదని సాక్షి చెప్పింది.' కాగితానికి తడబాటు వినబడదు. చెప్పావు, లేకపోతే గుర్తు లేదన్నావు, దానికి తెలిసినవి ఆ రెండే. రేపూ అదే జరుగుతుంది. నువ్వు ఎంత బాగా తడబడితే అంత మరిచిపోయినట్టు."

"నేను గుర్తు లేదని అనలేదే," అంది పిన్ని నెమ్మదిగా.

"అనలేదు. కానీ అలాగే పడి ఉంటుంది."

పిన్ని పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది తీసుకుపో. రేపు తడబడను. నువ్విక్కణ్ణుంచి లేచి వెళ్ళు ముందు."

గెలిచి బయటికొచ్చిన ప్లీడరు వీధి చివర దాకా నడిచి, అక్కడ ఎవరి అరుగు మీదో కూర్చుని, తన పుస్తకాన్ని తనే ఒళ్ళో పెట్టుకున్నాడు.

మర్నాడు పిన్ని బోనులో నిటారుగా నిలబడింది. ప్లీడరు అడిగినవాటికి సూదిలో దారం ఎక్కించినట్టు ఒక్కో జవాబు ఎక్కించింది. వచ్చాడు. తాళం విప్పాడు. కరెంటు పోయింది. గడప దాటలేదు. మేజిస్ట్రేటు టైపిస్టు వైపు తిరిగి చెబుతూ పోయింది, మిషను టకటకా కొట్టుకుంటూ పోయింది. నిందితుల బోనులో బావమరిది చేతులు కట్టుకుని గోడ చూస్తున్నాడు.

ప్రభుత్వ ప్లీడరు లేచాడు. ఆయనకి సన్నటి నవ్వు, దాని వెనక సన్నటి రంపం.

"మేడమ్, సాక్షి ఒక్క మాటకీ తడుముకోలేదు, గమనించాలి. నిజం చెప్పేవాళ్ళు తడబడతారు. ఇది ఎవరో వల్లెవేయించిన పాఠం."

"అది ఏ సెక్షనండీ?" అంది మేజిస్ట్రేటు తల తిప్పకుండా.

"సెక్షను కాదు మేడమ్. ఈమధ్య వచ్చిన ఒక గొప్ప నవల."

"అయితే అది ఇంటి దగ్గర చదువుకోండి. ప్రశ్న అడగండి."

హాల్లో వెనక బెంచీలు కిచకిచలాడాయి. ప్లీడరుకి నవ్వు రాలేదు. తన మాట ఎదుటి పక్షం నోట వినడమంటే, తన చెప్పుతోనే తన్నించుకోవడం.

ప్రభుత్వ ప్లీడరు గొంతు మార్చాడు. "సరేనమ్మా. ముద్దాయి గడప దాటలేదన్నారు. బాగుంది. మరి మీరు? మీరు కూడా అంతసేపూ కన్ను తిప్పకుండా ఆయన్నే చూస్తూ అక్కడే ఉన్నారా?"

పిన్ని నోరు తెరిచింది. మాట రాలేదు.

మాటిచ్చి కూడా ఇదేంటని ప్లీడరు పిన్ని మొహం చూశాడు. అది నిన్న అద్దం ముందు చేసిన అభినయం కాదు. ఆవిడ గుటక మింగడం లేదు, నుదురు తుడుచుకోవడం లేదు. బోను కర్రని రెండు చేతులా పట్టుకుంది. చూపు మాత్రం బావమరిది వైపు పోయింది. వాడు ఎవరికీ కనబడకుండా తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు, వద్దని.

"నేను," అంది పిన్ని. "ఆ మధ్యలో, అంటే..."

ప్రభుత్వ ప్లీడరు నవ్వు వెడల్పయింది. మేజిస్ట్రేటు టైపిస్టు వైపు తిరిగింది. "రాయండి. అంతసేపూ అక్కడే ఉన్నదీ లేనిదీ గుర్తు లేదని సాక్షి..."

"గుర్తు లేదని నేననలేదమ్మా," అంది పిన్ని.

టైపిస్టు వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. ఆ హాల్లో సాక్షి జడ్జిని ఆపడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"ఆలోచించుకుంటున్నాను. అది కొట్టకండి. ఒకరికి మాటిచ్చాను, తప్పనా మాననా అని చూసుకుంటున్నాను. కాస్త ఆగండి. చెప్తాను."

అప్పుడు మేజిస్ట్రేటు తల తిప్పింది. కళ్ళద్దాలు పైకి తోసుకుని పిన్ని మొహంలోకి చూసింది. "ఆగుతాం. చెప్పండి."

"నన్ను క్షమించు నాయనా," అంది పిన్ని బావమరిదితో. తర్వాత ఇటు తిరిగింది. "నేను అక్కడ లేనమ్మా. బయట ఉన్నాను. టీ తెద్దామని వెళ్ళాను. వచ్చేసరికి షట్టరు దిగిపోయి ఉంది. తాళం సరిగా పడుతుందో లేదో చూద్దామని ఈయన లోపల్నుంచి షట్టరు దించాడట. పడింది. మళ్ళీ తెరుచుకోలేదు. కరెంటు పోయినప్పుడూ లోపలే, వచ్చినప్పుడూ లోపలే. టీ సాసర్లో పోసి కింద సందులోంచి తోశాను."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలంతా గొల్లుమంది. మేజిస్ట్రేటు బల్ల మీద కొట్టింది, కానీ ఆలస్యంగా కొట్టింది.

"అంటే తాళాలు బాగుచేసే మనిషి తాళంలో ఇరుక్కున్నాడా?"

"అవునమ్మా. ఈ సంగతి పొక్కితే ఇక నా దగ్గరికి తాళం ఎవరు తెస్తారని కాళ్ళా వేళ్ళా పడ్డాడు. చెప్పనని ఒట్టేశాను. అంతసేపు లోపలున్నవాడు గడప దాటలేదనడం నిజమే కదా, అది చాలనుకున్నాను."

"మరి బయటికెలా వచ్చాడు?"

"పక్క బజారు తాళాలాయన్ని పిలుచుకొచ్చాను. వీళ్ళిద్దరికీ పడదు. ఆయన ఒక్క తట్టు తట్టి తెరిచాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, బదులుగా మా బజారు పనులన్నీ తనకి రాయించుకున్నాడు."

బావమరిది నిందితుల బోనులో చేతుల్లో మొహం దాచుకున్నాడు. "బావా, శిక్ష పడినా ఇంతకంటే బాగుండేది," అన్నాడు లోపల్నుంచి.

పక్క బజారు తాళాలాయనకి సమన్లు వెళ్ళాయి. ఆయన వచ్చి సాక్ష్యం చెప్పడమంటే మామూలుగా చెప్పలేదు, పండించుకున్నాడు. ఏ మర ఎలా బిగుసుకుందో చేతులతో చూపించి, లోపల్నుంచి వినబడిన మూలుగుల్ని కూడా పలికించబోతే మేజిస్ట్రేటు అక్కర్లేదంది. తాళం లోపలున్నవాడు తాళాలు తీయలేడని కోర్టు తేల్చింది. బావమరిది బయటికొచ్చాడు. ఇంట్లో అక్క వాణ్ణి పట్టుకుని ఏడ్చి, ఏడుపయ్యాక నెత్తిన ఒకటి మొట్టింది. అన్నాళ్ళూ పరువు కోసం జైల్లో కూర్చున్నందుకు.

ప్లీడరు మాత్రం సంబరంలో కూర్చోలేక బజారుకి వచ్చాడు. పిన్ని కొట్లో మిషను ఆగి ఉంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని, నోట్లో సూదులు లేకుండా, ఎదురు గోడ చూస్తోంది.

"నిజంగానే తడబడ్డావు పిన్నీ," అన్నాడు. "నేను అబద్ధమన్నాను. అక్కడ అదే నిజమైంది."

"ఊరుకో బాబూ. ఒకచోట అయింది. మళ్ళీ దాన్ని సూత్రం చేసి ఇంకో పుస్తకం రాసేవు." పిన్ని గోడ మీంచి చూపు తీయలేదు. "మొన్న ఆగండి అంటే ఆగారు. అంత తేలికా అది? ఒక్క మాట. అప్పుడు ఆ పిల్ల కేసులో ఆ మాట అనాలని నాకెందుకు తోచలేదు?"

ప్లీడరు ఇస్త్రీ బల్ల అంచుకి ఆనుకున్నాడు. ఏది చెప్పినా కల్పించినట్టే ఉంటుంది.

"ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంటుందో కనుక్కోవాలి," అంది పిన్ని. "మీ కోర్టుల్లో కనుక్కోవచ్చా?"

"కనుక్కోవచ్చు. పాత చిరునామా ఉంటుంది. అక్కణ్ణుంచి వెతకాలి. దొరికితే ఏం చెప్తావు?"

పిన్ని సూదుల గుడ్డబంతిని చేతిలోకి తీసుకుని తిప్పింది. ఆయన తొందర పెట్టలేదు.

"తెలీదు," అంది ఆఖరికి. "గుర్తు లేదని నేననలేదే అని చెప్తాను. తర్వాత అది ఏమంటే అది పడతాను. రేపు వెళ్దామా?"

రేపు అన్న మాట మీద ఆయనకి అలవాటుగా ఎన్నో సాకులు నోటిదాకా వచ్చాయి.

"ఇప్పుడే పద," అన్నాడు. "కోర్టు ఆఫీసు మూసే లోపు చిరునామా అడుగుదాం."

పిన్ని లేచి, షట్టరు బయటినుంచి దించింది.